కొలత తప్పిన ముక్కలతో బొంత: విప్పి పారేయాలా, కొత్త నమూనా చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మగారి పాత నేత చీరలతో మీరు ఒంటి మంచానికి 60 × 90 అంగుళాల బొంత మొదలుపెట్టారు. వరుసకు 10 చొప్పున 15 వరుసలు, మొత్తం 150 ముక్కలు. ఒక్కో ముక్కా 6½ అంగుళాలకు కోస్తే, నాలుగు పక్కలా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోయి 6 అంగుళాలు పైకి కనిపించాలి. 90 ముక్కలు సరిగ్గానే కోశారు. మిగతా 60 మాత్రం కుట్టుకు వదలాల్సిన గుడ్డ మరిచిపోయి 6 అంగుళాలకే కోసేశారు. రెండు రకాలూ కలిసిపోయాయి. మూడు వరుసలు కుట్టి చూస్తే ఒకటి 60, ఒకటి 58, ఒకటి 56½ అంగుళాలు వచ్చాయి, మూలలు కలవడం లేదు. అన్నిటినీ చిన్నవిగా కత్తిరించాలా, లేక ఈ తప్పుతోనే వేరే నమూనా చేయొచ్చా అని అడిగారు.

సులువైన దారి ముందు చెబుతాను. మంచి 90 ముక్కలను కూడా 6 అంగుళాలకు కోసేస్తే ఒక్కోటి 5½ కనిపిస్తుంది. బొంత 55 × 82½ అవుతుంది. చుట్టూ 3 అంగుళాల పట్టీ అతికితే 60 × 87½కి చేరుతుంది. ఎవరూ తప్పు పట్టుకోలేరు. వారంలో పుట్టబోయే బిడ్డకు ఇవ్వాలంటే ఇదే చేయండి. కానీ మీ చేతిలో 60 పొట్టి ముక్కలున్నాయి. 150లో 60 అంటే ప్రతి ఐదింటిలో రెండు. ఇంత చక్కగా భాగించుకుపోయే తప్పు అరుదుగా దొరుకుతుంది, దాన్ని కత్తిరించి పారేయడం నాకు ఇష్టం లేదు.

ఒక మూల పొట్టి ముక్క కనిపిస్తే చూసేవాళ్లకు అది పొరపాటు. అదే పొట్టిదనం ఒక లెక్క ప్రకారం బొంతంతా తిరిగితే కన్ను దాన్ని నమూనాగా చదువుకుంటుంది. పోచంపల్లి చిటికి చీరలో రంగు అంచులు చెదిరినట్టు ఉంటాయి. పోగులకు ముందే కట్లు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేయడం వల్ల అలా వస్తుంది. చీరంతా అలాగే ఉంటుంది కాబట్టి అది ఆ నేత అందం అయింది. ఒక్కచోటే చెదిరి ఉంటే లోపం అనేవాళ్లం. కాబట్టి మీ 60 ముక్కలను దాచే ప్రయత్నం వద్దు. అన్నిటికీ ఒకే రకం మార్పు చేసి, వరుసకు నాలుగు చొప్పున పంచాలి.

ఆ మార్పు ఏమిటంటే, పొట్టి ముక్కను నిలువుగా కోసి మధ్యలో వేరే రంగు పట్టీ అతకడం, తర్వాత అడ్డంగా కోసి మరో పట్టీ అతకడం. ముక్క మీద కూడిక గుర్తు వస్తుంది, కిటికీ చట్రంలా కనిపిస్తుంది. పోయిన అర అంగుళం రెండు దిశల్లోనూ తిరిగి వస్తుంది.

పట్టీ వెడల్పు లెక్క ఇలా ఉంటుంది. 6 అంగుళాల ముక్కను రెండుగా కోసి మధ్యలో పట్టీ పెడితే రెండు కుట్లు పడతాయి. ఒక్కో కుట్టు రెండు వైపులా పావు చొప్పున అర అంగుళం తింటుంది, రెండూ కలిసి అంగుళం. అంటే పట్టీలో మొదటి అంగుళం కుట్లకే పోతుంది, ఆపైన ఉన్నదే ముక్కకు కలుస్తుంది. మీకు అర అంగుళం కావాలి కాబట్టి 1½ అంగుళాల పట్టీ. ఇదే సూత్రం ఏ తక్కువకైనా పనిచేస్తుంది: ఎంత తక్కువైందో దానికి అంగుళం కలపండి. ముక్కలు అర అంగుళం పెద్దవైపోయిన వాళ్లకు పట్టీ కూడా అక్కర్లేదు. మధ్యకు కోసి మళ్లీ కలిపి కుడితే ఆ అర అంగుళం కుట్టులోకే పోతుంది. కోసిన సగాలను వేరే రంగు ముక్కల సగాలతో మార్చుకుంటే అదే ఒక నమూనా.

అయితే మీ ముక్కలకు 1½ పట్టీ పెట్టమని చెప్పను. లెక్కకు సరిపోతుంది గానీ ఒక్క పోగు అటూ ఇటూ అయినా సరిచేసుకునే జాగా ఉండదు. పైగా గుర్తు నిక్కచ్చిగా మధ్యలో, నిటారుగా ఉండాల్సి వస్తే 60లో ఏ రెండు వంకరపోయినా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 1¾ అంగుళాల పట్టీ తీసుకుని, కోతను కావాలనే కాస్త ఏటవాలుగా, కాస్త పక్కకు జరిపి కోయండి. ముక్క దాదాపు 6¾ అవుతుంది. తర్వాత నాలుగు పక్కలా పల్చగా తీసి 6½కి తెస్తారు. ప్రతి గుర్తూ ఒక్కో రకంగా వాలుతుంది, కొలత మాత్రం అన్నిటిదీ ఒక్కటే.

వాలుకు హద్దు ఉంది. కోత పై చివరకూ కింది చివరకూ తేడా అంగుళం దాటకూడదు. నేత గుడ్డ పడుగు వెంట, పేక వెంట సాగదు. క్రాసుగా కోస్తే సాగుతుంది. అంగుళం లోపు వాలుకు ఆ సాగుడు ఇస్త్రీతో సర్దుకుంటుంది. అంతకు మించితే ముక్క మధ్యలో బుడిపె లేస్తుంది, దాన్ని ఏ ఇస్త్రీ తీయలేదు. కోతకు రెండు వైపులా కనీసం 2 అంగుళాల గుడ్డ మిగలాలి. లేకపోతే సన్నటి పీలిక మిగిలి, దానికి రెండు కుట్లు పడి, కొన్ని ఉతుకులకే పోగులు జారిపోతుంది.

పట్టీలన్నీ ఒకే రంగువి కావాలి. ఈ విషయంలో బేరం లేదు. ముక్కలు పది చీరలవి, రంగులు పది రకాలు. వాటన్నిటినీ కట్టి ఉంచేది ఈ ఒక్క రంగే. ఒళ్లంతా సాదాగా ఉండే మంగళగిరి నూలు చీర దీనికి బాగుంటుంది. గద్వాల చీర అంచు అందంగా ఉందని తీసుకోకండి. ఒళ్లు నూలు, అంచు పట్టు కాబట్టి ఉతికినప్పుడు రెండూ ఒకేలా ముడుచుకోవు, ఇస్త్రీ వేడి కూడా రెండింటికీ ఒకటి పనికిరాదు. జరీ అంచు అసలే వద్దు, కప్పుకున్నవాళ్ల ఒంటికి గీరుకుంటుంది.

ఎంత గుడ్డ కావాలంటే, ఒక్కో ముక్కకు 7 అంగుళాల పట్టీ ఒకటి, 7½ అంగుళాలది ఒకటి, మొత్తం 14½. చీర పన్నా అటూ ఇటూ తీసేస్తే 45 అంగుళాలు వాడుకోవచ్చు. అడ్డంగా కోసిన ఒక్కో పట్టీ మూడు ముక్కలకు వస్తుంది. 60 ముక్కలకు 20 పట్టీలు, 20 × 1¾ = 35 అంగుళాలు. ఒక్క గజం గుడ్డతో పని అయిపోతుంది, అయినా తప్పుకోతలకు మరో జానెడు ఉంచుకోండి. పట్టీలను చింపకండి, కత్తెరతోనే కోయండి. చింపితే పోగు వెంట తిన్నగా వస్తుంది నిజమే, కానీ అంచు రెండు మూడు పోగుల మేర వదులై నలుగుతుంది. వెడల్పాటి గుడ్డకు ఫర్వాలేదు. 1¾ పట్టీలో ఆ వదులు అంచే కుట్టులోకి పోతుంది, కుట్టు పట్టదు.

కోసే ముందు రెండు పరీక్షలు చేయండి. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నడుము చుట్టూ బిగిసిన చోటా, పాదాల దగ్గర కింది అంచూ పల్చబడి ఉంటాయి, అవి పట్టీలకు పనికిరావు. రెండోది, తడిపిన తెల్ల గుడ్డతో పట్టీ రంగును గట్టిగా రుద్దండి. ముదురు ఎరుపు, నీలం ఏళ్ల తరబడి ఉతికిన తర్వాత కూడా వదలొచ్చు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు. అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు ఏమీ చేయదు. తెల్ల గుడ్డకు రంగు అంటిందంటే ఆ చీర ఈ పనికి వద్దు. కొత్త గుడ్డ కొంటే ముందు వేడి నీళ్లలో ఉతికి ఆరేయండి. పాత చీరలు ముడుచుకోవాల్సినంతా ముడుచుకున్నాయి. కొత్తది ఇంకా ముడుచుకోలేదు, బొంత కుట్టాక మొదటి ఉతుకులో పట్టీలొక్కటే బిగుసుకుని ముక్కలు ఉబ్బుతాయి.

ఇక కుట్టిన మూడు వరుసలు విప్పక తప్పదు. భయపడకండి, అందులో ఉన్నవి 27 అతుకులే. ఒక వైపు దారాన్ని ప్రతి నాలుగో కుట్టు దగ్గర తెంపుకుంటూ వెళ్లి, రెండో వైపు దారం లాగితే మొత్తం వచ్చేస్తుంది. గుడ్డను రెండు చేతులా పట్టుకుని చీల్చొద్దు. పాత చీర కుట్టు కంటే ముందు తెగుతుంది.

విప్పాక 150నీ స్కేలు పెట్టి కొలిచి రెండు కుప్పలు చేయండి. కంటితో వేరు చేయొద్దు, అర అంగుళం కుప్పలో తెలియదు. పొట్టివి లెక్కకు 60 కాక 57 వచ్చాయనుకోండి, మూడు మంచి ముక్కలను 6కి కోసి ఇందులో కలపండి. 60 దాటితే, ఎక్కువైనవాటికి కూడా గుర్తు వేసి ఆ 90 సాదా ముక్కల్లో కలపడం కంటే, ఎన్ని ఎక్కువయ్యాయో అన్ని సాదా ముక్కలు కొత్తగా 6½కి కోసుకోవడం మంచిది. కింద చెప్పే అమరిక 60 మీదే నిలుస్తుంది.

మొదట ఒకే ఒక ముక్క పూర్తి చేయండి. నిలువు కోత కోసి, పట్టీని ఒక సగానికి కుట్టి, ఇస్త్రీ చేసి, రెండో సగాన్ని పై అంచులు సమంగా వచ్చేలా జరిపి కుట్టండి. ఇప్పుడు అడ్డకోత. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. అడ్డంగా కోయగానే నిలువు పట్టీ కూడా రెండుగా తెగుతుంది. మధ్యలో అడ్డ పట్టీ వచ్చాక పైముక్కలోని నిలువు పట్టీ, కిందిముక్కలోని నిలువు పట్టీ ఒకే గీతలో ఉండాలి. అడ్డ పట్టీని పైసగానికి కుట్టాక, నిలువు పట్టీ రెండు అంచులనూ స్కేలు పెట్టి సుద్దతో అడ్డ పట్టీ మీదుగా కిందికి గీయండి. ఆ గీతలకు కిందిసగాన్ని కలిపి, రెండు గుండుసూదులు గుచ్చి కుట్టండి. గీయకుండా అంచులకు అంచులు కలిపి కుడితే, వాలు ఉన్నందువల్ల కింది పట్టీ పక్కకు తప్పుకుంటుంది. గుర్తు విరిగినట్టు కనిపిస్తుంది.

కొలవండి. 6¾ రావాల్సింది 6⅝ వచ్చిందంటే మీ కుట్టు పావు అంగుళం కంటే లావుగా పడుతోంది. మడత తిరిగే చోట గుడ్డ మందం కూడా ఒక పోగు తింటుంది. 6½కి కోయడానికి ఇంకా జాగా ఉంది కాబట్టి ఇది ప్రమాదం కాదు. కానీ అదే చేత్తో వరుసంతా కుడితే పది ముక్కలకు అర అంగుళం పైగా పోతుంది. మిగతా 59 మొదలుపెట్టే ముందే మిషను పాదం పక్కన టేపు అంటించుకునో, గీత గీసుకునో కుట్టును పావుకు ఒక పోగు తక్కువగా తెచ్చుకోండి.

కుట్టుగుడ్డను ఏ వైపు మడిచి ఇస్త్రీ చేయాలన్నది రంగును బట్టి. ఎప్పుడూ ముదురు రంగు వైపే. పట్టీ ముదురు నీలం, ముక్క గంధం రంగు అయితే మడతను పట్టీ కిందికి తోయండి, లేకపోతే లేత గుడ్డలోంచి నీలి గీత నీడలా కనిపిస్తుంది. రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేయడం జాకెట్లకు బాగుంటుంది, పాత చీరకు వద్దు. బరువంతా దారం మీదే పడి అతుకు నోరు తెరుస్తుంది.

అమరికకు ఇదిగో లెక్క. గుర్తు ఉన్న ముక్కలు మొదటి వరుసలో 1, 3, 6, 8 స్థానాల్లో పెట్టండి. రెండో వరుసలో 2, 4, 7, 9. మూడో వరుసలో 3, 5, 8, 10. నాలుగో వరుసలో 1, 4, 6, 9. ఐదో వరుసలో 2, 5, 7, 10. ఆరో వరుస నుంచి మళ్లీ మొదటికి. ఐదు వరుసల ఈ చుట్టు మూడుసార్లు తిరిగితే 15 వరుసలు, 60 గుర్తులు. ఒక్కో వరుసకు ఒక్కో గడి జరగడం వల్ల గుర్తులు ముగ్గులో చుక్కల్లా ఏటవాలు దారులు కడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఏ రెండు గుర్తులూ పక్కపక్కన గానీ కిందా మీదా గానీ రావు, మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి. కాబట్టి ఒకదాని పట్టీ ఇంకోదాని పట్టీతో కలవాల్సిన పని లేదు, లావు అతుకులు ఒకే చోట పోగుపడవు. సాదా ముక్కల్లో రంగులు మీ ఇష్టం. ఒకే చీర ముక్కలు రెండు పక్కపక్కన రాకుండా చూస్తే చాలు.

వరుసలు కుట్టాక బేసి వరుసల మడతలు కుడికి, సరి వరుసలవి ఎడమకు ఇస్త్రీ చేయండి. వరుసలు కలిపేటప్పుడు మూల దగ్గర ఎదురు మడతలు ఒకదానికొకటి ఆనుకుని వాటంతటవే కూర్చుంటాయి.

కింద పొర విషయం త్వరగా చెప్పేస్తాను. అయిదున్నర మీటర్ల చీర దాదాపు 216 అంగుళాలు, దాన్ని 94 అంగుళాల ముక్కలు రెండు కోసి పొడవునా అతికితే ఒక పొరకు సరిపోతుంది. అడుగున ఒక పొర, మధ్యలో రెండు. మధ్య పొరల అతుకులు ఒకదానిమీద ఒకటి రాకుండా జానెడు జరపండి. అన్నీ నేల మీద పరిచి, చేత్తో సాఫు చేసి, నడిమి నుంచి బయటికి బెత్తెడు దూరంలో కచ్చా కుట్టు వేయండి. లాగి పరచొద్దు. లాగిన గుడ్డ కుట్టాక వెనక్కి ముడుచుకుంటుంది, వెనక వైపు ముడతలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కవుదులు, అంటే అతుకుల బొంతలు చూసి, వాళ్లు అంచు నుంచి లోపలికి కుట్టుకొస్తారు కదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు ముక్కలను ముందే అతికి పైపొర తయారు చేయరు. అడుగు చీర మీద ఒక్కో ముక్కా పెట్టి, అంచు లోపలికి మడిచి, అక్కడికక్కడ కుట్టేస్తారు. గుడ్డ ఎక్కువైతే తర్వాతి ముక్కలో సర్దుకుంటుంది. అందుకే వాళ్లకు ముక్కల కొలతలు కలవాల్సిన అవసరమే లేదు. మీ పైపొర ముందే అతికినది. అంచు నుంచి మొదలుపెడితే మిగిలిన వదులంతా నడి మధ్యకు చేరి బుడగలా నిలుస్తుంది. మీరు నడిమి నుంచే కుట్టాలి. కానీ ఎవరికైనా ముక్కలు రెండు కొలతలుగా కాక ఇరవై కొలతలుగా తప్పి ఉంటే, ఈ పట్టీల లెక్క వాళ్లకు కుదరదు. వాళ్లకు సిద్దీల పద్ధతే సరైన దారి.

పై కుట్టుకు దబ్బనం వద్దు, పాత గుడ్డలో రంధ్రం మిగిలిపోతుంది. పొడవాటి సన్న సూది, మందపాటి నూలు దారం తీసుకోండి. మిషను దారమైతే రెండు పోగులు. కుట్టు పావు అంగుళం, వరుసల మధ్య అంగుళం. సాదా ముక్కల్లో తిన్నగా పోతూ, గుర్తు ఉన్న ముక్క రాగానే దాని వాలును అనుసరించి కుట్టు గీతను కూడా వంచండి. దాన్ని దాటాక మళ్లీ తిన్నగా. ఇది తప్పనిసరి కాదు. కానీ ఇక్కడే ఈ బొంత మీ సొంతం అవుతుంది. వెనక వైపు తిప్పి చూస్తే సాదా చీర మీద 60 చోట్ల కుట్టు గీతలు ఒంగి కనిపిస్తాయి, ముందు ముక్కలు లేకుండానే నమూనా తెలిసిపోతుంది.

అన్ని తప్పులనూ ఇలా ఉంచుకోకూడదని కూడా చెప్పాలి. కుట్టులోకి పావు అంగుళంలో సగమే పడిన అతుకు, వెలుతురుకు చిల్లులు కనిపించే గుడ్డ, రంగు వదిలే పట్టీ, నాలుగు వేళ్ల కంటే వెడల్పుగా కుట్టు లేకుండా వదిలేసిన జాగా, ఇవి ఎంత అందంగా కనిపించినా విప్పి సరిచేయాల్సిందే. చివరి దాంట్లో లోపలి పొరలు ఉతికినప్పుడు ఉండకట్టి ఒక మూలకు చేరతాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి మహిళల బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. వాటిలో గీతలు వంకరగా ఉంటాయి, పట్టీల వెడల్పు మారిపోతూ ఉంటుంది. కానీ అవి చలికి కప్పుకోవడానికి కుట్టినవి, అరిగిన పనిబట్టలతో కుట్టినవి. వంకర కంటికి మాత్రమే, అతుకు గట్టిదే. మన దగ్గర అతుకుల బొంత అన్న మాటను చులకనగా వాడతారు గానీ, అతుకు నిలిస్తేనే బొంత నిలుస్తుంది.

అంచుకు 2½ అంగుళాల పట్టీ వాడండి, గుర్తుల రంగుదే అయితే ఇంకా మంచిది. చుట్టుకొలత 300 అంగుళాలు, అతుకులకూ మూలలకూ మరో 12. పన్నా అడ్డంగా 7 పట్టీలు, అంటే 17½ అంగుళాల గుడ్డ అదనం. పైన చెప్పిన గజం కొనేటప్పుడే దీన్నీ కలిపి గజంన్నర, తప్పుకోతలకు ఆ జానెడూ తీసుకోండి. తర్వాత వెతికితే అదే రంగు దొరకదు. పై కుట్టు పూర్తయ్యాక బొంత ఒకటి రెండు అంగుళాలు ముడుచుకుని ఉంటుంది. అందుకని అంచు పట్టీ పొడవును మొదటి లెక్క ప్రకారం కోయకండి. బొంతను పరిచి, నడి మధ్యలో అడ్డంగా, నిలువుగా కొలిచి ఆ కొలతకే కోయండి. అంచు దగ్గర కొలిస్తే సాగిన కొలత వస్తుంది, పట్టీ అలలుగా లేస్తుంది.